ఇల్లు, స్థలం, పొలం గిఫ్ట్‌గా రాసివ్వడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లకు పైగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా కూర్చుని దస్తావేజులు రాస్తున్నాను. అమ్మకం దస్తావేజు అంటే ప్రతి మాటా రెండుసార్లు చదివించుకుంటారు, లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి పాత దస్తావేజులు) తిరగేస్తారు, బేరం దగ్గర గంటలు గడుపుతారు. గిఫ్ట్ డీడ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "మా పిల్లలకే కదండీ, త్వరగా రాసేయండి" అంటారు. కొన్నాళ్లకు కళ్లనీళ్లతో తిరిగొచ్చినవాళ్లలో నేను ఎక్కువగా చూసింది ఈ త్వరపడినవాళ్లనే. నా బల్ల దగ్గర మళ్లీ మళ్లీ వినపడే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

గిఫ్ట్ డీడ్, సెటిల్‌మెంట్, వీలునామా, హక్కు విడుదల... ఇవన్నీ ఒకటేనా?

కాదు. గిఫ్ట్ డీడ్ అంటే డబ్బు తీసుకోకుండా, మీ ఇష్టంతో, ఇవాళే హక్కు ఇచ్చేయడం. సెటిల్‌మెంట్ కూడా ఇంచుమించు అదే. కాకపోతే కుటుంబంలోవాళ్లకు ఆస్తి ఏర్పాటు చేసేటప్పుడు ఆ పేరుతో రాస్తాం. కోస్తా జిల్లాల్లో పెద్దవాళ్లు దీన్నే దఖలు దస్తావేజు అంటారు. హక్కు విడుదల అంటే ఉమ్మడి ఆస్తిలో మీ వాటాను మిగతా వాటాదారులకు వదిలేయడం. వీలునామా మీరు పోయాకే పనిచేస్తుంది. బతికున్నంతకాలం దాన్ని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చించేయవచ్చు కూడా.

ఎవరైనా పెద్దాయన వచ్చి "అబ్బాయి పేర రాసేద్దాం" అంటే నేను ముందు అడిగేది ఇదే: ఇప్పుడే ఇవ్వాల్సిన అవసరం ఏమిటి? అబ్బాయి ఇల్లు కట్టడానికి లోన్ కావాలనో, అమ్మాయికి ఇస్తానన్న మాట నిలబెట్టుకోవాలనో గట్టి కారణం ఉంటే గిఫ్ట్ రాస్తాను. "ఎప్పటికైనా వాడిదే కదా" అన్నదొక్కటే కారణమైతే వీలునామా చాలంటాను.

గిఫ్ట్ చెల్లాలంటే ఏమేం ఉండాలి?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 122, 123 సెక్షన్లు దీనికి ఆధారం. ఇచ్చేవాళ్లు ఇష్టపూర్వకంగా ఇవ్వాలి. ప్రతిఫలం ఉండకూడదు. తీసుకునేవాళ్లు ఒప్పుకోవాలి, అదీ ఇచ్చినవాళ్లు బతికుండగానే. స్థిరాస్తి అయితే దస్తావేజు రిజిస్టర్ కావాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. నోటి మాటతో, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాతతో, నోటరీ ముద్రతో ఇల్లు గిఫ్ట్ కాదు (ముస్లింల దానానికి లెక్క వేరు, అది చివర్లో చెప్పాను).

తీసుకునేవాళ్లు దస్తావేజు మీద సంతకం చేసి తీరాలని చట్టంలో లేదు. కానీ "నేను ఈ దానాన్ని స్వీకరించాను" అని రాయించి సంతకం పెట్టిస్తే, రేపు ఒప్పుకున్నారా లేదా అన్న తగాదా రాదు. నేనైతే సంతకం లేకుండా వదలను.

ఇంకో మాట. ఇవాళ మీ చేతిలో లేని ఆస్తిని గిఫ్ట్ ఇవ్వలేరు. "అన్నదమ్ముల పంపకంలో నాకు రాబోయే వాటా" అని రాస్తే ఆ రాత చెల్లదు.

ఖర్చు ఎంతవుతుంది?

అమ్మకం దస్తావేజుకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు 7.5 శాతం కట్టాలి. దగ్గరి కుటుంబ సభ్యులకు గిఫ్ట్ రాస్తే అంతకంటే చాలా తక్కువ పడుతుంది. బయటివాళ్లకు రాస్తే ఎక్కువ. రేట్లు ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటాయి కాబట్టి, రాయించుకునే వారంలో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో డ్యూటీ లెక్క చూసుకోండి. లెక్క వేసేది మీరనుకునే ధర మీద కాదు, ప్రభుత్వ మార్కెట్ విలువ మీద.

ఇక్కడ చాలామంది పొరబడేది "కుటుంబం" అన్న మాట దగ్గర. తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు... వీళ్ల గురించి సందేహం ఉండదు. అల్లుడు, కోడలు, మేనల్లుడు, బాబాయి కొడుకు పేర రాయాలంటే రాయితీ వర్తిస్తుందో లేదో స్లాటు తీసుకోకముందే అడగండి. అల్లుడికి బదులు కూతురి పేర రాస్తే డ్యూటీ తగ్గిన సందర్భాలు ఉన్నాయి. అదీగాక, కూతురి పేరనే ఉండటం అన్ని విధాలా మంచిది.

నిజానికి అమ్మకమే. డ్యూటీ తగ్గుతుందని గిఫ్ట్ అని రాయించుకోవచ్చా?

వద్దు. ఈ సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. చెల్లెలి వాటాను అన్న 25 లక్షలకు కొంటాడు, కాగితం మీద మాత్రం "ప్రేమాభిమానాలతో" అని రాస్తారు. ఆ 25 లక్షలు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లాయో చెప్పే దారి ఇద్దరికీ ఉండదు. రేపు అన్న ఆ ఇల్లు అమ్మితే, పన్ను లెక్కలో తాను పెట్టిన 25 లక్షలను కొన్న ధరగా చూపలేడు. డబ్బు పూర్తిగా అందలేదని చెల్లెలు అంటే, కాగితంలో అసలు డబ్బు మాటే లేదు. డబ్బు చేతులు మారితే అది అమ్మకమే, అమ్మకంగానే రాయండి.

ఇల్లు పిల్లల పేర రాసేశాక వాళ్లు మమ్మల్ని చూడకపోతే?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

కొన్నేళ్ల కిందట ఒకావిడను కొడుకు తీసుకొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. రెండు గదుల డాబా ఇల్లు, భర్త కట్టించింది. వేలిముద్ర యంత్రంలో ఆమె బొటనవేలు పడలేదు. గిన్నెలు తోమి, బట్టలు ఉతికి గీతలు అరిగిపోయాయి. కొడుకే చీర కొంగుతో ఆమె వేలు తుడిచి, మళ్లీ మళ్లీ పెట్టించాడు. అయిదోసారి పడింది. ఆమె నవ్వింది. ఏడాది గడిచాక ఒక్కతే వచ్చి నా బల్ల ముందు నిలబడింది. మడతలు పడిన జిరాక్స్ కాగితాలు ముందు పెట్టి, "ఇందులో నేను ఇంట్లో ఉండొచ్చని ఎక్కడైనా రాసి ఉందా బాబూ?" అంది. నాలుగు పేజీలూ చదివాను. లేదు. ఆ కాగితం రాసింది నేనే.

ఆ రోజు నుంచి పెద్దవాళ్లు రాసిచ్చే ఏ గిఫ్ట్ అయినా రెండు పేరాలు లేకుండా నేను రాయను. ఒకటి ఇలా ఉంటుంది: "నా జీవితకాలం ఈ ఇంటిలో నివసించుటకు, దీనిపై వచ్చు అద్దెలను అనుభవించుటకు హక్కు నేనే ఉంచుకున్నాను. నా తదనంతరం స్వీకర్త సర్వహక్కులతో అనుభవించవలెను." రెండోది: "నాకు భోజనం, వసతి, వైద్యం, ఇతర కనీస అవసరాలు స్వీకర్త చూడవలెనను షరతుపై ఈ దానం చేయుచున్నాను."

మొదటి పేరాతో గిఫ్ట్ చెల్లకుండా పోతుందేమోనని కొందరు భయపడతారు. పోదు. మన తెలుగు నేల నుంచి వెళ్లిన ఒక కేసులోనే 2014లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. ఇచ్చినవాళ్లు బతికున్నంతకాలం అనుభవం తమ దగ్గరే ఉంచుకున్నా, స్వాధీనం అప్పగించకపోయినా, దస్తావేజు రిజిస్టరై, తీసుకున్నవాళ్లు స్వీకరిస్తే ఆస్తి బదిలీ చట్టం కింద ఆ గిఫ్ట్ చెల్లుతుందని చెప్పింది.

రెండో పేరాకు బలం 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్. 60 ఏళ్లు నిండినవాళ్లు తమను చూసుకోవాలనే షరతు మీద ఆస్తి ఇచ్చి, తీసుకున్నవాళ్లు ఆ మాట తప్పితే, ఆ బదిలీని చెల్లనిదిగా ప్రకటించమని ట్రిబ్యునల్‌ని అడగవచ్చు. మన దగ్గర ఆర్డీవోనే ఆ ట్రిబ్యునల్. సివిల్ కోర్టులో ఏళ్ల తరబడి తిరగనక్కరలేదు.

షరతు రాయకపోతే ఏమవుతుంది? 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు, షరతు ఉందని రుజువు కాకపోతే 23వ సెక్షన్ వర్తించదని ఒక తల్లి కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఇంకో తల్లి కేసులో, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా చూడాలని చెప్పి, కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని గిఫ్ట్ రద్దును నిలబెట్టింది. ఇల్లు ఖాళీ చేయించి అప్పగించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పింది. అయినా సరే, రాయని షరతును రుజువు చేసే టెన్షన్ ఆ వయసులో ఎందుకు? రెండు లైన్లు రాయడానికి అయిదు నిమిషాలు పట్టదు.

అలా రాస్తే అబ్బాయి నొచ్చుకుంటాడేమో అని తల్లులు సంకోచిస్తారు. నేనే అబ్బాయితో చెబుతాను, ఇది మా దగ్గర అందరికీ రాసే పేరానే అని. మంచి కొడుకెవరూ ఇప్పటిదాకా కాదనలేదు. ఒక్క ఇబ్బంది మాత్రం నిజం: జీవితకాలపు హక్కు ఉంచుకున్న ఇంటి మీద లోన్ ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. లోన్ కోసమే రాసిస్తుంటే ముందు బ్యాంకుతో మాట్లాడుకోండి.

ఇచ్చేశాం. ఇప్పుడు మనసు మారింది. రద్దు చేసుకోవచ్చా?

మనసు మారిందన్న కారణంతో కుదరదు. "నాకు ఇష్టమైనప్పుడు రద్దు చేసుకుంటాను" అని దస్తావేజులోనే రాసుకున్నా కుదరదు, అలాంటి గిఫ్ట్ అసలు చెల్లదు. ఇచ్చేవాళ్ల ఇష్టాయిష్టాలతో సంబంధం లేని ఒక ఘటన జరిగితే రద్దవుతుందని ఇద్దరూ ముందే ఒప్పుకుని ఉంటే 126వ సెక్షన్ కింద వీలవుతుంది. మోసం చేసి, బెదిరించి, ఒత్తిడి పెట్టి రాయించుకున్నారని రుజువైనా వీలవుతుంది. అలాంటప్పుడు సివిల్ కోర్టుకు వెళ్లాలి, విషయం తెలిసిన మూడేళ్లలోపు. ఒక్కరే వెళ్లి రద్దు దస్తావేజు రిజిస్టర్ చేయించుకున్నంత మాత్రాన హక్కు వెనక్కి రాదు. పైగా ఆ కాగితం ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే పత్రంలో) కనపడి, అమ్మబోతే కొనేవాళ్లు పారిపోతారు. తీసుకున్నవాళ్లు కూడా ఒప్పుకుంటే తిరిగి మీ పేర ఇంకో దస్తావేజు రాయించుకోవడమే శుభ్రమైన దారి.

తాతల నాటి ఆస్తిని నాన్న ఒక్కరే ఒక కొడుకు పేర గిఫ్ట్ రాసేయవచ్చా?

స్వార్జితం అయితే ఆయన ఇష్టం. ఉమ్మడి హిందూ కుటుంబ ఆస్తి అయితే, మిగతా వాటాదారులు ఒప్పుకోకుండా విడిపోని వాటాను గిఫ్ట్ ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1987లోనే ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన కేసులో చెప్పింది. ముందు భాగ పరిష్కారం చేసుకుని, తన వాటా తనకు వచ్చాక ఇవ్వాలి. "మాకు ఆడపిల్లలు లెక్కలో లేరు" అనే మాట ఇప్పటికీ వింటుంటాను. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచే ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. 2005లో దేశమంతా వచ్చింది. సంతకాలు తీసుకోవాల్సిన వాళ్లలో అక్కచెల్లెళ్లూ ఉన్నారు.

పసుపు కుంకుమ కింద అమ్మాయికి స్థలం ఇచ్చాం. తెల్లకాగితం మీద రాసుకున్నాం. చాలదా?

చాలదు. రిజిస్టర్ చేయించండి. ఇచ్చిన తండ్రి ఉండగా ఎవరూ అడగరు. ఆయన పోయాక అన్నదమ్ములే అడుగుతారు. ఉమ్మడి ఆస్తి నుంచి కూడా కూతురి పెళ్లికి తగుమాత్రం భాగం ఇచ్చే అధికారం తండ్రికి ఉందని కోర్టులు ఒప్పుకున్నాయి. కానీ ఆ "తగుమాత్రం" ఎంత అన్నది కుటుంబానికున్న మొత్తం ఆస్తిని బట్టి ఉంటుంది.

వియ్యాలవారు "ప్లాటు అల్లుడి పేర రాయండి" అని షరతు పెడితే అది గిఫ్ట్ కాదు, కట్నం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం దానికి వర్తిస్తుంది. అమ్మాయి కోసం ఇస్తున్నది అమ్మాయి పేరనే రాయండి.

ఇక్కడే ఇంకో సంగతి, చాలా ఇళ్లలో తెలియనిది. పిల్లలు లేని అమ్మాయి వీలునామా రాయకుండా కన్నుమూస్తే, అమ్మానాన్నల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం పుట్టింటివైపు వెళ్తుంది. గిఫ్ట్‌గా వచ్చిన ఆస్తికి ఆ రక్షణ లేదు, అది భర్తకు, ఆయన లేకపోతే ఆయన వారసులకు వెళ్తుంది. కాబట్టి గిఫ్ట్ అందుకున్న అమ్మాయి, తన తర్వాత ఎవరికి చెందాలో తన ఇష్టప్రకారం ఒక వీలునామా రాసి పెట్టుకోవడం అవసరం.

గిఫ్ట్‌గా వచ్చిన స్థలానికి ఆదాయపు పన్ను కట్టాలా?

ఎవరిచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. పాత గిఫ్ట్ టాక్స్ 1998 అక్టోబరు 1 నుంచి లేదు. ఇప్పుడు పన్ను, ఒకవేళ పడితే, తీసుకున్నవాళ్ల మీద పడుతుంది. భార్య, భర్త, తల్లిదండ్రులు, తాతలు, పిల్లలు, మనవలు, తోబుట్టువులు, అమ్మానాన్నల తోబుట్టువులు, భార్య లేదా భర్త తోబుట్టువులు, అత్తమామలు ఇస్తే పన్ను లేదు. ఈ బంధువుల భార్యలు, భర్తలు ఇచ్చినా లేదు. తన పెళ్లి సందర్భంగా వచ్చిన దానికి ఎవరిచ్చినా లేదు. వీలునామా, వారసత్వం ద్వారా వచ్చినదానికీ లేదు.

వీళ్లు కాక ఇంకెవరిచ్చినా, ప్రభుత్వ విలువ 50,000 రూపాయలు దాటితే ఆ విలువ మొత్తం మీ ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. స్నేహితుడు ఇచ్చిన ప్లాటు ప్రభుత్వ విలువ 30 లక్షలైతే, 30 లక్షలూ ఆదాయమే.

బంధుత్వాన్ని తీసుకునేవాళ్ల వైపు నుంచి చూడాలి. మేనమామ మేనల్లుడికి ఇస్తే పన్ను లేదు, ఎందుకంటే ఆయన తల్లి తోడబుట్టినవాడు. అదే మేనల్లుడు మేనమామకు ఇస్తే పన్ను ఉంది, తోబుట్టువుల పిల్లలు ఆ జాబితాలో లేరు. పెదనాన్న కొడుకులు, పిన్ని కూతుళ్లు మనకు సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే. పన్ను చట్టానికి మాత్రం కారు. అన్నట్టు, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. అందుకే ఇక్కడ నంబర్లు రాయలేదు.

ఫ్లాట్ భార్య పేర గిఫ్ట్ రాస్తే అద్దె మీద నా పన్ను తగ్గుతుందా?

తగ్గదు. ఆ అద్దెను మీ ఆదాయంలోనే కలుపుతారు. కోడలి పేర రాసినా, మైనర్ పిల్లల పేర రాసినా అంతే. పద్దెనిమిది నిండిన కొడుకు, కూతురు పేర రాస్తే కలపరు, అద్దె వాళ్ల ఆదాయమే. అయితే పన్ను మిగులుతుందని ఇల్లు రాసిచ్చేముందు, పైన చెప్పిన ఆవిడ సంగతి గుర్తుంచుకోండి.

గిఫ్ట్‌గా వచ్చిన ఇల్లు అమ్మితే లాభం ఎలా లెక్కిస్తారు?

ఇచ్చినవాళ్లు కొన్న ధర నుంచి లెక్కిస్తారు, గిఫ్ట్ రాసిన రోజు విలువ నుంచి కాదు. నాన్న 2008లో 12 లక్షలకు కొన్న ఫ్లాట్‌ను 2024లో అమ్మాయికి రాశారనుకుందాం. ఆ రోజు దస్తావేజులో ప్రభుత్వ విలువ 45 లక్షలు. అమ్మాయి దాన్ని 70 లక్షలకు అమ్మింది. లాభం 25 లక్షలు అనుకుంటుంది. నిజానికి 58 లక్షలు. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం చొప్పున, సెస్ కాకుండా 7.25 లక్షల పన్ను. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తులకు, దేశంలో నివాసముండేవాళ్లు ద్రవ్యోల్బణ సూచీతో 20 శాతం లెక్క కూడా ఎంచుకోవచ్చు. రెండూ వేయించి చూసుకోండి. నాన్న ఎన్నేళ్లు ఉంచుకున్నారో ఆ కాలం కూడా అమ్మాయి లెక్కలోకే వస్తుంది.

2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నవైతే ఆ తేదీ నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, అప్పటి ప్రభుత్వ విలువను మించకుండా. ఇందుకే గిఫ్ట్ తీసుకునేటప్పుడు పాత దస్తావేజు ఒరిజినల్, ఇంటి మీద పెట్టిన ఖర్చుల బిల్లులు కూడా అడిగి తీసుకోండి.

ఫ్లాట్ డౌన్ పేమెంట్‌కి నాన్న డబ్బు ఇస్తున్నారు. ఏం జాగ్రత్త?

బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు వేయించండి. కొడుక్కైనా సరే, రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకుంటే, తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడే వీలుంది. "ఈ మొత్తం గిఫ్ట్, తిరిగి ఇవ్వనక్కరలేదు" అని ఒక కాగితం రాయించుకుని పెట్టుకోండి. లోన్ ఇచ్చే బ్యాంకు అడుగుతుంది.

అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. ఆస్తి అతని పేర రాయవచ్చా?

ఇల్లు, ఫ్లాట్, ఇళ్ల స్థలం రాయవచ్చు, ఇచ్చేది బంధువైతే. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం గిఫ్ట్‌గా రాయకూడదు. విదేశీ మారక నిబంధనలు ఒప్పుకోవు, అబ్బాయికి ఇంకా మన పాస్‌పోర్టే ఉన్నా సరే. గుంటూరు, కరీంనగర్ పొలాలున్న ఎన్ని కుటుంబాలకో ఇది తెలియదు. అదే పొలం వారసత్వంగానో వీలునామా ద్వారానో అతనికి రావచ్చు. కాబట్టి పొలానికి వీలునామా, ఇంటికి గిఫ్ట్ అని విడదీసుకోండి. అక్కడున్నవాళ్లు తమ పేర ఉన్న పొలాన్ని ఇక్కడ నివసించే చెల్లికో తమ్ముడికో గిఫ్ట్ ఇవ్వవచ్చు.

అక్కడి లెక్క వేరే. అమెరికాలో పన్ను కట్టేవాళ్లు ఇక్కడి తల్లిదండ్రుల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించిన గిఫ్ట్ అందుకుంటే ఫారం 3520లో చూపాలి. పన్ను ఉండదు, కానీ చూపకపోతే జరిమానా గిఫ్ట్ విలువలో 25 శాతం దాకా వెళ్తుంది. ఇంకొకటి: గిఫ్ట్‌గా వచ్చిన ఇల్లు అమ్మితే అక్కడ కూడా నాన్న కొన్న ధర నుంచే లాభం లెక్కిస్తారు. వారసత్వంగా వస్తే మాత్రం ఆయన పోయిన నాటి విలువ నుంచి లెక్కిస్తారు. తేడా లక్షల్లో ఉంటుంది, ముందే అక్కడి అకౌంటెంట్‌ని అడగమనండి.

రాలేనివాళ్లు పవర్ ఆఫ్ అటార్నీ (తమ తరఫున సంతకం చేసే అధికారమిచ్చే పత్రం) పంపితే, అందులో గిఫ్ట్ ఇచ్చే అధికారం స్పష్టంగా, ఎవరికో పేరుతో సహా ఉండాలి. అమ్మే అధికారం ఉన్న పవర్‌తో గిఫ్ట్ రాయడానికి మేం ఒప్పుకోం. విదేశంలో సంతకం చేసిన పవర్ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

పొలం గిఫ్ట్ రాయడానికి ఎక్కడికి వెళ్లాలి?

తెలంగాణలో వ్యవసాయ భూమి తహశీల్దార్ ఆఫీసులోనే. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతి పోర్టల్‌లో స్లాటు తీసుకోవాలి. రిజిస్ట్రేషన్‌తోపాటే మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కూడా అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో. వెళ్లేముందు అడంగల్, వన్-బి అనే భూమి రికార్డులు సరిచూసుకోండి.

కొన్ని భూములను గిఫ్ట్‌గానైనా రాయలేరు. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్టర్ చేయరు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూముల బదిలీకి సాధారణంగా 1977 చట్టం అడ్డం, గిఫ్ట్ కూడా బదిలీయే. ఏజెన్సీ ప్రాంతాల్లో, అంటే పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వైపు, గిరిజన భూములను కాపాడే 1/70 చట్టం కింద గిరిజనేతరులకు భూమి గిఫ్ట్ ఇవ్వడం చెల్లదు. గిఫ్ట్ పేరు పెట్టి ఈ భూములు చేతులు మార్చే ప్రయత్నాలు చూశాను. అలాంటి కాగితాలకు నేను కలం పెట్టను.

హోమ్ లోన్ ఉన్న ఫ్లాట్‌ను గిఫ్ట్ ఇవ్వవచ్చా?

బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒరిజినల్ కాగితాలు వాళ్ల దగ్గరే ఉంటాయి, తాకట్టు ఆస్తితోపాటే వెళ్తుంది. అప్పులవాళ్లకు దొరక్కుండా ఆస్తిని భార్యాపిల్లల పేర రాసేస్తే, అప్పులవాళ్లు కోర్టుకు వెళ్లి ఆ గిఫ్ట్‌ను పక్కన పెట్టించగలరు.

మనవడు ఇంకా చిన్నవాడు. అతని పేర రాయవచ్చా?

రాయవచ్చు. తల్లో తండ్రో సంరక్షకులుగా స్వీకరిస్తారు. కానీ వాడికి పద్దెనిమిది నిండేలోపు అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. చదువు ఖర్చులకు మధ్యలో అమ్ముదామనే ఆలోచన ఉంటే మనవడి పేర రాయకండి.

లేఅవుట్‌లో ప్లాటు కొంటున్నాను. "పార్కు గిఫ్ట్ డీడ్ అయిందా" అని అడగమన్నారు. అదేంటి?

మంచి సలహా ఇచ్చారు. లేఅవుట్ వేసినవాళ్లు రోడ్లను, పార్కు వంటి ఉమ్మడి ఖాళీ స్థలాన్ని పంచాయతీకో మున్సిపాలిటీకో రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా అప్పగించాలి. అది జరగకపోతే కాగితాల్లో ఆ స్థలం ఇంకా వాళ్లదే. పదేళ్ల తర్వాత రేట్లు పెరిగాక ఆ పార్కులో కొత్త ప్లాట్ నంబర్లు పుట్టుకొస్తాయి. హైదరాబాద్ చుట్టుపక్కల 2024 నుంచి ప్రభుత్వ సంస్థ హైడ్రా ఖాళీ చేయిస్తున్న ఆక్రమణల్లో లేఅవుట్ పార్కులూ ఉన్నాయి. లేఅవుట్ ప్లాన్ నకలు తీసుకుని, పార్కు సర్వే నంబరు మీద ఈసీ వేయించండి. అందులో స్థానిక సంస్థ పేర గిఫ్ట్ కనపడాలి.

ఇంటి ప్లాన్ అనుమతికి రోడ్డు వెడల్పు కోసం మీ ముందు జాగా గిఫ్ట్ రాసివ్వమని మున్సిపాలిటీ అడిగితే, కొలతలు గజాల్లో స్పష్టంగా రాయించి, పరిహారంగా టీడీఆర్ (అదనంగా కట్టుకునే హక్కు, దాన్ని అమ్ముకోవచ్చు కూడా) వస్తుందేమో అడగండి.

ప్లాటు బుక్ చేస్తే బంగారు నాణెం, బైక్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

బహుమతి సంగతి తర్వాత. ముందు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్, ఎనిమిది దాటిన ఫ్లాట్లు రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. "ప్రీలాంచ్, ఈ ఆదివారం వరకే" అన్నచోట ఎక్కువగా బహుమతులు కనపడతాయి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ఇస్తామన్న ప్రతిదాన్నీ అగ్రిమెంట్‌లో రాయించుకోండి. ఆ బైక్ ధరకు సరిపడా గజం రేటు తగ్గించమని అడిగి చూడండి, వాళ్లు చెప్పే జవాబులోనే అసలు రేటు తెలిసిపోతుంది.

ఏజెంట్లకు మాట: కంపెనీ ఇచ్చే విదేశీ టూరు, కారు మీకు ఆదాయమే. ఏడాదిలో 20,000 దాటితే పది శాతం టీడీఎస్ పడుతుంది.

ముస్లింలకు హిబా (దానం) నోటిమాటతో చెల్లుతుందంటారు. నిజమేనా?

నిజమే. ఇస్తున్నానని చెప్పడం, తీసుకున్నానని ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ జరిగితే చెల్లుతుంది. జరిగిన హిబాను తర్వాత కాగితం మీద రాసుకున్నా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ స్వాధీనం అప్పగించడం తప్పనిసరి, పైన చెప్పిన 2014 తీర్పు దీనికి వర్తించదు. మ్యుటేషన్, లోన్, అమ్మకం అన్నీ తేలిగ్గా జరగాలంటే రిజిస్టర్ చేయించుకోవడమే మేలు.

రిజిస్ట్రేషన్ రోజు ఏం తీసుకెళ్లాలి? తర్వాత ఏం చేయాలి?

లింకు డాక్యుమెంట్లు, తాజా ఈసీ, ఇంటి పన్ను రసీదు, ఇద్దరి ఆధార్, పాన్, ఫొటోలు, ఇద్దరు సాక్షులు వాళ్ల ఆధార్‌తో. సాక్షులు మీకంటే చిన్న వయసువాళ్లు, ఊళ్లో ఉండేవాళ్లు అయితే మంచిది, ఇరవై ఏళ్ల తర్వాత కోర్టులో చెప్పాల్సి రావచ్చు. సంతకం చేసిన నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి.

పెద్దవాళ్లకు దస్తావేజు మొత్తం గట్టిగా చదివి వినిపించమని అడగండి. లోపల సబ్‌రిజిస్ట్రార్ "మీ ఇష్టంతోనే ఇస్తున్నారా అమ్మా?" అని అడిగినప్పుడు జవాబు వాళ్లే చెప్పాలి, పక్కనున్నవాళ్లు కాదు. వేలిముద్ర పడకపోతే కంగారు పడకండి. చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ పెట్టించండి.

తర్వాతి నెలలోపు ఇంటి పన్ను, కరెంటు మీటరు, నీటి కుళాయి పేర్లు మార్పించండి, అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ రికార్డు కూడా. జీవితకాలపు హక్కు ఉంచుకున్న దస్తావేజైతే ఒక సర్టిఫైడ్ కాపీ తీయించి, ఇచ్చిన అమ్మానాన్నల చేతికే ఇవ్వండి. అది వాళ్ల దగ్గరే ఉండాలి.